మేడ మీద మాట్లాడిన మాటలు

తొంభై ఆరో సంవత్సరం. ఖరగ్‌పూర్‌లో ఝపటాపూర్ బజారులో నాకో చిన్న రిపేరు షాపు ఉండేది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నన్నూ అందులోనే పెట్టించాలని చూసినాడు గానీ నాకు ఆ యోగం లేకపోయింది. రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నాను, ఆ తర్వాత టేప్ రికార్డర్లు, ఆ తర్వాత టీవీలు, ఆఖరికి టెలిఫోన్లు. కొత్త సామాను బజారులోకి వచ్చినప్పుడల్లా మళ్లీ ఒకటో తరగతి నుంచి చదువుకోవాల్సిందే. నలభై దాటేసరికి ఆ చదువు మీద విసుగొచ్చేసింది. షాపు మూసి ఇంటికెళితే అక్కడా ఎవడో ఒకడు డబ్బా చంకలో పెట్టుకుని గుమ్మంలో కూర్చునుండేవాడు.

ఆ ఏడు ఊరికి కార్డ్‌లెస్ ఫోన్ల పిచ్చి పట్టింది. కార్డ్‌లెస్ అంటే వైరు లేని ఫోను. గోడలోంచి వచ్చిన టెలిఫోను లైను బేస్ అనే డబ్బాలోకి వెళ్తాది. చేత్తో పట్టుకు తిరిగేది హ్యాండ్‌సెట్. ఈ రెండింటి మధ్యా ఉన్నది రేడియో, ఇంకేం లేదు. అంటే మీరు ఇంట్లో చిన్న రేడియో స్టేషను పెట్టుకుని మీ కష్టసుఖాలు ప్రసారం చేసుకుంటున్నట్టే. ఈ ముక్క కొన్నవాళ్లకి అమ్మినవాడు చెప్పడు, కొన్నవాళ్లు అట్టపెట్టె మీద రాసింది చదవరు. కలకత్తా నుంచి ఒకే రకం సెట్లు గంపగుత్తగా వచ్చి పడినాయి. మలంచా పేటలో, ఝపటాపూర్‌లో ఎవరింట్లో చూసినా అదే నల్ల డబ్బా, అదే వెండిరంగు యాంటెన్నా. యాంటెన్నా విరిగిందనో, బ్యాటరీ చచ్చిందనో, పిల్లాడు బకెట్లో ముంచినాడనో రోజూ ఒకటి నా బల్ల మీదకి వచ్చేది.

వానలు వెనకబట్టి దుర్గాపూజ పందిళ్లకి వెదుర్లు దింపుతున్న రోజుల్లో నారాయణమ్మ వచ్చింది. గూడ్సు డ్రైవరు సింహాచలం భార్య. మలంచాలో సొంతిల్లు కట్టుకున్నారు. వాళ్లదీ మాదీ బొబ్బిలి వైపే. అంచేత ఆవిడ నన్ను అన్నయ్యా అంటాది. ఫోన్ని తువ్వాల్లో చుట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యా, దీన్ని ఇప్పి సూడు."

"ఏటైందమ్మా? మోగట్లేదా?"

"మోగుతాది. మాటా బాగానే ఇనిపిస్తాది. మా మాటలే బయటికి పోతన్నాయి."

మాటలు బయటికి పోయేది నోట్లోంచమ్మా, ఫోన్లోంచి కాదు అనబోయినాను. ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. స్టూలు జరిపితే కూర్చుంది. కూర్చుని, అక్కడ ఇంకెవరూ లేరని రెండుసార్లు చూసుకుని చెప్పింది.

ఎండాకాలంలో సింహాచలానికి సుగరని తేలింది. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకున్నాడు, రైల్వే ఆసుపత్రికి వెళ్లలేదు. రన్నింగ్ స్టాఫ్, అంటే బండి మీద వెళ్లే డ్రైవర్లకీ గార్డులకీ, కొన్నేళ్లకోసారి మెడికల్ ఉంటాది. అందులో బయటపడితే ఇంజన్ దింపేసి ఏ షెడ్డులోనో కూర్చోబెడతారని వాడి భయం. దాచడం తప్పు కాదా అంటే తప్పే. బండి నడిపేవాడి ఒంట్లో ఏముందో బండి ఇచ్చినవాళ్లకి తెలియాలి. కానీ ఇంజన్ దిగిపోయిన డ్రైవరు మొహం ఎలాగుంటాదో నేను చూసినాను. మా మేనమామ అలాగే దిగినాడు. బతికినన్నాళ్లూ బండి కూత వినపడితే తలుపేసుకునేవాడు.

సుగర్ సంగతి సింహాచలం ఇద్దరికే చెప్పినాడు. ఒకరు పెళ్లాం, రెండోవాడు బొబ్బిల్లో ఉన్న అన్న. అన్నతో ఫోన్లో మాట్లాడాలంటే ఇంట్లో పిల్లలు వింటారని హ్యాండ్‌సెట్ పట్టుకుని మేడ మీదకి వెళ్లేవాడు. చుట్టూ ఎవరూ ఉండరు, పైగా మాట్లాడేది తెలుగు. ఇంకేటి భయం?

ఒకరోజు లాబీలో, అంటే డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే చోట, తోటివాడు ఒకడు అడిగినాడట: "సింహాచలం, సుగరంట గదా, మందులు వాడతన్నావా?" సింహాచలం మాట మార్చి డ్యూటీ ఎక్కినాడు. బండి దిగి ఇంటికొచ్చి పెళ్లాన్ని నిలదీసినాడు. మా అన్న బొబ్బిల్లో ఉన్నాడు, ఇక్కడ తెలిసింది నీకొక్కదానికే, నువ్వే ఎక్కడో వాగినావు అన్నాడు. ఈవిడ కాదంది. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఏదైనా కావాలంటే "మీ అమ్మతో చెప్పు" అని పిల్లలతో చెప్పించడం. ఈవిడ వండింది ముట్టడు, హోటల్లో తింటాడు.

"పూజా సెలవలకి పిల్లల్తో పాటు నన్ను కన్నోరింటికాడ దింపేస్తానన్నాడు. మల్లీ ఎప్పుడు తెస్తావంటే మాటాడనేదు," అంది. "ఆయన గుట్టు ఒక్కటి గడప దాటించనేదు అన్నయ్యా. సెప్పనేదంటే నమ్మడు. ఇంకెలాగ సెప్పాల?"

"మరి ఫోను మీదకి నీ మనసెలా పోయింది?"

"మొన్న ఫోనెత్తితే లోపల ఎవులో బెంగాలీలో సేపల రేటు మాటాడుకుంటన్నారు. ఆల మాట నాకినిపిస్తే మా మాట ఆలకినిపించదా?"

దానికి నేను కాదనలేకపోయినాను. బ్యాటరీ మూత తీసినాను. బ్యాటరీ కింద మినపగింజలంత స్విచ్చులు నాలుగుంటాయి. వాటిని సెక్యూరిటీ కోడ్ అంటారు. ఒక్కొక్కటీ పైకో కిందకో పెట్టొచ్చు. అలా పదహారు రకాలుగా అమర్చొచ్చు. బేస్ అడుగున కూడా అలాంటివే నాలుగు. మీరు హ్యాండ్‌సెట్ మీద మీట నొక్కగానే అది బేస్‌కి ఆ వరస చెప్తాది. బేస్ తన వరసతో సరిచూసుకుని, మనోడే అనుకుంటే లైను ఇస్తాది. కాకపోతే ఇవ్వదు. కంపెనీ వాళ్లు అన్నీ కిందకి పెట్టి పంపిస్తారు, మీకు కావాల్సినట్టు మార్చుకోండని కాగితంలో రాస్తారు. మన ఊళ్లో మార్చినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. నారాయణమ్మ ఫోన్లో నాలుగూ కిందకే ఉన్నాయి. అదే ఛానెల్లో, అదే వరసతో చుట్టుపక్కల ఇంకో సెట్టు ఉంటే దానికి ఈవిడ లైను సొంత లైనే.

ఇది ఒక సంగతి. రెండోది ఇంకా పెద్దది. ఆ స్విచ్చులు మార్చినా, పక్కవాడు మీ లైను వాడుకోకుండా ఆపగలరు గానీ మీ మాట వినకుండా ఆపలేరు. గాల్లో పోయే మాట ఉన్నదున్నట్టు పోతాది. దాన్ని కలగాపులగం చేసి పంపి, అవతల మళ్లీ సరిచేసుకునే స్క్రాంబ్లర్ అనేది ఉంటాది, అది ఖరీదైన సెట్లకే. ఇప్పుడు ఇళ్లల్లో వైఫై డబ్బాలు పెట్టుకుంటున్నారు గదా, వాటిలోనూ ఈ రెండు పనులూ ఉన్నాయి. పాస్‌వర్డు అడిగి ఎవడివి నువ్వు అని తేల్చుకోవడం ఒకటి, పోయే మాటని గుప్తం చేసి పంపడం ఇంకోటి. మొదటిది ఆథెంటికేషన్, రెండోది ఎన్‌క్రిప్షన్ అంటారు. పాస్‌వర్డు పెట్టేసినాం గదా అని రెండోదాని సంగతి చూడకుండా పడుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఉంచేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకి చెప్పీ చెప్పీ నా నోరు పోయింది.

మనవాళ్లకి ఇంకో ధైర్యం కూడా ఉండేది. బెంగాలీల మధ్య బతుకుతున్నాం, తెలుగులో మాట్లాడితే ఎవరికి తెలుస్తాదని. కూరల బజారులో బేరమాడుతూ "వీడు దొంగనాయాలు, పక్క కొట్టుకి పోదాం" అని పెళ్లాంతో తెలుగులో అంటాం. "పోండి సార్, అక్కడ ఇంకా పిరం" అని ఆ బెంగాలీ కొట్టువాడు తెలుగులోనే జవాబిస్తాడు. ఎన్నిసార్లు తలదించుకున్నా ఆ అలవాటు పోలేదు. మనవాళ్లు తాతలనాడు వచ్చి రైల్వే క్వార్టర్లు నింపేసిన ఊరిది. ఇక్కడ తెలుగు తాళమే అనుకుందాం, దాని చెవి వీధికి నాలుగిళ్లల్లో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం షాపు మూసి, రిపేరుకొచ్చిన అదే రకం హ్యాండ్‌సెట్ ఒకటి సంచిలో వేసుకుని మలంచా వెళ్లినాను. నారాయణమ్మని ఫోను పట్టుకుని మేడెక్కమన్నాను. ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగిపోతాది, అప్పుడు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు అన్నాను. నేను సందులోకి దిగి నా చేతిలోది చెవిన పెట్టుకున్నాను. "వంకాయ, బీరకాయ, దొండకాయ" అని ఆవిడ చదువుతున్నది శుభ్రంగా వినిపించింది. మెట్లు దిగి గదిలోకి వెళ్లమంటే గరగర ఎక్కువై మాట సన్నగిల్లింది. గోడలు అడ్డం కదా. అంటే గుట్టుగా ఉంటాదని సింహాచలం ఎక్కిన మేడే ఆ ఇంట్లోకల్లా మాట దూరం పోయే చోటు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆవిణ్ణి మళ్లీ మేడెక్కించి, కూరల పేర్లు వింటూ సందు చివరిదాకా నడిచినాను. అక్కడ బిమల్‌దా ఇల్లు; దా అంటే బెంగాలీలో అన్న. రిటైరైన గార్డు, బెంగాలీ. భార్య పోయింది, కొడుకు దుర్గాపూర్‌లో ఉద్యోగం. ఒక్కడే ఉంటాడు. వరండాలో కుర్చీ, పక్కన స్టూలు, స్టూలు మీద అదే నల్ల డబ్బా. చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో మనవాళ్ల పిల్లలతో గోళీలాడి పెరిగినవాడు. మనకంటే బాగా తెలుగు మాట్లాడతాడు.

"ఆరే రాజూ, రా రా, బొషో," అని కుర్చీ చూపించినాడు.

"ఫోను బాగా పనిచేస్తందా దాదా?"

"ఫోన్ ఠీక్ హై. కానీ నా ఫోన్లో నాకంటే సింహాచలమే ఎక్కువ మాట్లాడతాడు," అని నవ్వినాడు. తర్వాత గొంతు తగ్గించినాడు. "పాపం, సుగర్ వచ్చిందట. ఇంజన్ దింపేస్తారని భయం. నిద్ర పట్టట్లేదని అన్నతో చెప్పుకుని ఏడ్చినాడు."

"ఈ మాట ఎవరికైనా చెప్పినారా?"

"ఛీ, ఎవరికి చెప్తాను? స్టేషన్ దగ్గర టీ దుకాణంలో మనోళ్లు కూర్చుంటారు గదా, పాత గార్డులూ డ్రైవర్లూ. సుగర్‌కి మంచి డాక్టరు ఎవరని అడిగినాను. ఎవరికి అన్నారు. చెప్పినాను. మనోడి మంచికే గదా?"

చాడీలు చెప్పే నోరున్న మనిషైతే నాలుగు దులిపేసి వచ్చేవాణ్ణి. ఈయన మీద కోపం తెచ్చుకోడానికి కూడా వీల్లేకుండా పోయింది. జరిగింది చెప్పినాను. ఆ మాట బయటపెట్టింది పెళ్లామేనని సింహాచలం ఆవిణ్ణి పుట్టింట్లో వదిలేయబోతున్నాడని చెప్పినాను.

బిమల్‌దా కుర్చీలో ముందుకి జరిగినాడు. "నారాయణమ్మనా?" అన్నాడు. "ఆమె చెప్పదు. నాకు తెలుసు. ఆమె అక్క ఫోన్ చేసి ఎన్నిసార్లు అడిగింది, మరిది ఎందుకలా చిక్కిపోయినాడు, ఏటైంది అని. ఎండలకి అంది. ఇంజన్ వేడి అంది. ఒకసారి అక్క కోపం వచ్చి, నాతో కూడా దాస్తావా అని ఫోన్ పెట్టేసింది. అయినా చెప్పలేదు." అని తల దించుకుని, "నేను అన్నీ విన్నాను రాజూ. సాయంత్రం అయితే ఇంట్లో మనిషి గొంతు ఉండదు. దాన్ని ఎత్తితే ఉంటాది. తప్పని తెలియలేదని అనను," అన్నాడు.

అయితే ఆ మాట సింహాచలంతో చెప్పాలి మీరు అన్నాను. చెప్తానన్నాడు.

సింహాచలం బండి డ్యూటీ దిగి వచ్చి, పడుకుని లేచిన సాయంత్రం వెళ్లినాను. నన్ను చూడగానే, "రాజన్నా, దాని తరఫున పంచాయితీకి వచ్చినావా? అయితే టీ తాగి ఎల్లిపో," అన్నాడు. పంచాయితీ కాదు, నీ ఫోను తేడాగా ఉంది, చూపిస్తాను రా అని సందు చివరికి తీసుకెళ్లినాను. బిమల్‌దా తన హ్యాండ్‌సెట్ పట్టుకుని గేటు దగ్గర నిలబడున్నాడు. దాన్ని తీసి సింహాచలం చెవికి ఆనించినాను. నారాయణమ్మ అప్పటికే మేడ మీద ఉంది. మేం నిలబడ్డ చోటికి ఆవిడ కనపడదు.

ముందు ఏమీ వినపడలేదు. ఆవిణ్ణి ఏదైనా మాట్లాడమని నేనే చెప్పినాను గానీ కూరల పేర్లు చదవడానికి ఆవిడకి ఆ వేళ మనసొప్పలేదనుకుంటాను. కాసేపటికి సన్నగా గొంతు వచ్చింది. పక్కనే ఉన్నాను గనక నాకూ వినిపించింది.

"ఏటి సెప్పమంటావు అన్నయ్యా? నాను సెప్పాల్సింది ఆ రోజే సెప్పేసినాను. కొత్తగా ఏటి సెప్పను?"

సింహాచలం ఫోను చెవి నుంచి తీసి చూసినాడు. బిమల్‌దాని చూసినాడు. బిమల్‌దా ఏదీ దాచకుండా అంతా చెప్పినాడు, టీ దుకాణం సంగతి, అక్క ఫోన్ల సంగతి. సింహాచలం గేటు పక్క కాలవ గట్టు మీద కూర్చుండిపోయినాడు. తిడతాడేమో, కొడతాడేమోనని నేను కాచుక్కూర్చున్నాను. తిట్టలేదు. "అయితే అది సెప్పనేదన్నమాట," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి నారాయణమ్మ మేడ దిగి గుమ్మంలో నిలబడుంది. ఇన్నాళ్ల తర్వాత పెళ్లాం మొహం చూసి మాట్లాడాలి గదా, వాడు చెప్పులు విప్పే వంకతో తల వంచినాడు. ఆఖరికి, "నువ్వు కాదంట," అన్నాడు.

"ఎవులన్నారు?"

"బిమల్‌దా సెప్పినాడు. రాజన్న సూపించినాడు."

ఆవిడ తలూపింది. "నాను సెప్తే ఇనపడనేదు మరి," అని లోపలికి వెళ్లిపోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. ఆ పూట వాడు ఇంట్లోనే తిన్నాడని తర్వాత తెలిసింది.

మిగతా పని నాకు అరగంటది. స్విచ్చులు మార్చినాను. బిమల్‌దా సెట్టుకి క్రిస్టల్ మార్చి, అంటే ఛానెల్ని నిర్ణయించే చిన్న ముక్కని మార్చి, వేరే ఛానెల్లో పెట్టినాను. అయినా గాలిని నమ్మొద్దు, గుట్టు మాటలుంటే వైరు ఫోన్లోనే మాట్లాడుకోండని చెప్పి, పాత వైరు సెట్టు లోపలి గదికి లాగి పెట్టినాను. నారాయణమ్మ పుట్టింటికి వెళ్లలేదు. సింహాచలం ఆ చలికాలంలో తనే రైల్వే ఆసుపత్రికి వెళ్లి చెప్పుకున్నాడు. అనుకున్నట్టే బండి దింపి షెడ్డులో వేసినారు. ఎలాగూ అందరికీ తెలిసిపోయింది, ఇంక దాచి ఏటి లాభం అన్నాడు నాతో. బిమల్‌దా సింహాచలం ఇంటికి వెళ్లి నారాయణమ్మని క్షమించమని అడిగినాడు. ఆవిడ టీ ఇచ్చిందట. ఫోనెత్తొద్దు గానీ సాయంత్రం పూట మనిషిగా వచ్చి కూర్చోండి అందట. ఆయన వెళ్లి కూర్చునేవాడు.

ఇదంతా జరిగిపోయినాక ఓసారి నారాయణమ్మ షాపుకి వచ్చింది. పచ్చడి సీసా తెచ్చింది. నా పని బాగా జరిగిందన్న తృప్తిలో ఉన్నాను, రెండు మాటలు మెచ్చుకుంటాదని కూడా ఎదురు చూసినాను, అబద్ధమెందుకు. ఆవిడ మెచ్చుకుంది. మెచ్చుకుని, వెళ్లబోతూ ఆగింది.

"అన్నయ్యా, ఓ మాట అడుగుతాను. సందు సివర ఆ డబ్బా ఉంది గనక సరిపోయింది. నేకపోతే?"

ఏదో రేడియో మీదకి వంగినాను. ఆవిడ వెళ్లిపోయింది.

ఎన్నో ఏళ్లు ఆ షాపు నడిపినాను. గుట్టు బయటపడిందని ఫోన్లు పట్టుకొచ్చినవాళ్లు ఆ తర్వాతా చాలామంది వచ్చినారు. మూత తీసే ముందు, ఇంట్లో ఎవరి మీద నింద వేసినారని అడిగేవాణ్ణి. ముందు ఇంటికెళ్లి ఆ మనిషిని, నువ్వు చెప్పింది నమ్ముతున్నాను అని చెప్పి రండి, అప్పుడు విప్పుతాను అనేవాణ్ణి. ఎందుకంటే ఫోన్లో తప్పుంటే అది నేను పట్టగలను. ఫోను బాగానే ఉందని తేలితే ఆ మనిషి గతి ఏటి? కొందరు నవ్వి వెళ్లి చెప్పొచ్చినారు. ఎక్కువమంది, నీకెందుకయ్యా మా ఇంటి గొడవ అని ఫోను పట్టుకుని వేరే షాపుకి పోయినారు.